ఐదొందల ఆట నుంచి ఐదు వేల ఆటకు: పోకర్‌లో స్నేహితుల సొమ్ము, స్టాంపు పేపరు, ఖాళీ చెక్కులు

ప్రశ్న: మాది అనంతపురం, ప్రైవేటు ఉద్యోగం. బళ్లారిలో ఉండే మా బావమరిది పాన్‌తో తెరిచిన ఖాతాలో రూ.550 ప్రవేశ రుసుముండే పోకర్ (పేకాటలో ఒక రకం) టోర్నమెంట్లు ఆడి కొంత సంపాదించాను. 2025 ఆగస్టులో ఆ యాప్ డబ్బు ఆటలు ఆపేసింది. ఇప్పుడు ఒక విదేశీ యాప్‌లో రూ.5,500 టోర్నమెంట్లకు వెళ్లాలని నలుగురు స్నేహితుల దగ్గర తలా లక్ష తీసుకున్నాను. ఇద్దరు నగదు ఇచ్చారు. లాభంలో సగం వాళ్లకని, నష్టం వస్తే అది పూడే వరకు నాకు వాటా లేదని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. సంతకం చేసిన నాలుగు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. ఈ కాగితం చెల్లుతుందా? ఆడితే నాపై కేసు అవుతుందా? పన్ను ఎవరు కట్టాలి?

జవాబు: ముందు కేసు సంగతి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చారు. ఆడినవాళ్లకు ఆరు నెలల వరకు, నడిపేవాళ్లకు మొదటిసారి ఏడాది, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు. రూ.550 ఆటా, రూ.5,500 ఆటా అన్న తేడా చట్టానికి లేదు. ‘పోకర్ నైపుణ్యం ఆట కదా’ అని చాలామంది వాదిస్తారు. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని సుప్రీంకోర్టు సత్యనారాయణ కేసులో 1967లోనే చెప్పిన మాట నిజమే. అయితే 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ వాదనకు చోటు లేకుండా రాశారు. నైపుణ్యమైనా అదృష్టమైనా, గెలుపు సొమ్ము ఆశించి డబ్బు కట్టి ఆడితే అది ‘ఆన్‌లైన్ మనీ గేమ్’. ఆ చట్టం గురి నడిపేవాళ్లు, ప్రచారం చేసేవాళ్లు, చెల్లింపులు జరిపేవాళ్లు. కేవలం ఆడినవాడికి అందులో శిక్ష లేదు. కానీ మీ రిఫరల్ లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి, అది ప్రచారం కిందికి రావచ్చు. దానికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా. అలాంటివి పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి.

ఇక స్టాంపు పేపరు. వంద రూపాయల ముద్ర పడినంత మాత్రాన ఒప్పందానికి ప్రాణం రాదు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయలేరు. పందేల వ్యాపారంలో ఇద్దరు భాగస్వాములైతే వాళ్ల మధ్య లెక్క మాత్రం చెల్లుతుందని 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ పందెం చెల్లనిదే గానీ నిషిద్ధం కాదు. ఇక్కడ రాష్ట్ర చట్టమే ఆటను నేరం చేసింది కాబట్టి, నిషిద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదనే అదే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిషిద్ధమైన పనికని తెలిసి ఇచ్చిన సొమ్మును, ఆ పని కోసమే రాసుకున్న కాగితం పట్టుకుని కోర్టులో రాబట్టుకోవడం కష్టం. ఇది రెండు వైపులా కోసే కత్తి. వాళ్లు మీ నుంచి ‘నష్టం బాకీ’ వసూలు చేయలేనట్టే, మీరు గెలిచి వాళ్లు అన్యాయం చేసినా మీకూ దారి లేదు.

‘అయితే చేబదులు అని రాసుకుంటాం’ అనే సలహా డాక్యుమెంటు రైటర్ ఎవరో ఇచ్చే ఉంటారు. పాత తేదీతో అలా రాయడం అబద్ధపు పత్రం సృష్టించడమే. అదీగాక, అప్పు అన్న మాట వచ్చిన మరుక్షణం 1961 నాటి ఆదాయపన్ను చట్టంలోని 269ఎస్ఎస్ సెక్షన్ లేస్తుంది (2026 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త చట్టంలో దీని నంబరు వేరు). రూ.20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీకు ఇద్దరు ఇచ్చిన నగదు రెండు లక్షలు. వాటా అంటే 23, అప్పు అంటే 269ఎస్ఎస్. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మీ వ్యవహారంలో నిజంగా ప్రమాదకరమైనవి ఆ నాలుగు చెక్కులు. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన చెక్కును తీసుకున్నవాడు అంకె నింపుకున్నా, అది బాకీ కిందే ఇచ్చారని చట్టం ముందుగా అనుకుంటుంది. 2019లో బీర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. చట్టప్రకారం వసూలు చేయదగ్గ బాకీ కాదని చూపించుకునే భారం మీదే. అందుకు మీ దగ్గరున్న సాక్ష్యం ఆ స్టాంపు పేపరే. అదే కాగితం మీరు అనంతపురంలో డబ్బు పెట్టి ఆడారనీ చెబుతుంది. ‘బ్యాంకుకు స్టాప్ పేమెంట్ చెప్పేస్తే సరి’ అనుకోవద్దు, అలా ఆపినా 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు కేసు వేయవచ్చు. గడువులు గుర్తుంచుకోండి. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇవ్వాలి. అది మీకు అందాక 15 రోజుల్లో మీరు కట్టాలి. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. విచారణ తేలకముందే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమనే అధికారం కోర్టుకుంది. పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం తెలివి కాదు. సరైన చిరునామాకు పంపితే అందినట్టే లెక్క.

కాబట్టి ఆటలో పెట్టకుండా మిగిలిన సొమ్మును నలుగురికీ బ్యాంకు ద్వారా వాటాల ప్రకారం తిరిగి పంపండి. చెక్కుల నంబర్లు వేసి, తిరిగి ముట్టినట్టు రసీదు రాయించుకుని అసలు చెక్కులు చేతికి తీసుకోండి. కొంత ఇప్పటికే ఓడిపోయి ఉంటే ఆ మొత్తం గురించి కొత్త నోటు మాత్రం రాయకండి. నోటు రాస్తే మూడేళ్ల కాలపరిమితి కొత్తగా మొదలవుతుంది. ఇంకో మాట. నలుగురితో ఆగకుండా గ్రూపులో పదిమందిని, ఇరవైమందిని పోగేసి ‘ఇంత రాబడి ఇస్తా’ అన్నారంటే, 2019 నాటి అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం మీ గుమ్మం దాకా వస్తుంది. అందులో డిపాజిట్లు తీసుకుంటే కనీస శిక్షే రెండేళ్లు.

పన్ను దగ్గర లెక్క వేసి చూడండి, పై స్థాయికి వెళ్లాలనే ఉత్సాహం దానంతటదే తగ్గుతుంది. ఏడాదిలో తీసుకున్న మొత్తానికి ఖాతాలో చివరి నిల్వ కలిపి, అందులోంచి మీరు వేసిన సొమ్మునూ ఏడాది మొదటి నిల్వనూ తీసేస్తే వచ్చేది నికర గెలుపు. దానిపై 30 శాతం పన్ను, పన్నుపై 4 శాతం సెస్సు. మీ జీతం పన్ను పరిమితిలోపే ఉన్నా ఇది తప్పదు. నాలుగు లక్షలు వేసి ఆరు లక్షలు తీసుకున్నారనుకుందాం. నికరం రెండు లక్షలు, పన్ను రూ.62,400. స్నేహితులకు సగం, అంటే లక్ష ఇచ్చారు. వాళ్లకిచ్చింది మీ గెలుపులోంచి తగ్గించరు. మీకు మిగిలేది రూ.37,600. మరుసటి ఏడాది మూడు లక్షలు పోయాయనుకోండి. రెండేళ్లలో కలిపి లక్ష నష్టం, అయినా మొదటి ఏడాది పన్ను తిరిగి రాదు, ఆ నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనివ్వరు. టోర్నమెంటు ఆటలో నలభై, యాభై పోటీలు కలిపి చూసినా నష్టంలోనే ఉండటం మంచి ఆటగాడికీ మామూలే. రూ.5,500 చొప్పున మీ నాలుగు లక్షలు 72 పోటీలకే సరి. వంద పోటీల నిధి ఉన్నా తక్కువే అనే ఆట ఇది. ఆ ఊగిసలాట ఒక మార్చి 31కి అటూ ఇటూ పడితే, ఓడిన ఆటకూ పన్ను కట్టినట్టవుతుంది.

విదేశీ యాప్ టీడీఎస్ కోయదు. ‘కోయలేదు కాబట్టి పన్ను లేదు’ అనుకోవడం మామూలుగా చేసే తప్పు. ముందస్తు పన్ను మీరే కట్టుకోవాలి, రిటర్ను ఐటీఆర్-1లో కాదు, ఐటీఆర్-2లో వేయాలి.

ఆ యాప్‌లో డబ్బు వేసేటప్పుడు యూపీఐ ఐడీ రోజుకొకటి మారుతోందా? అవి తరచూ ఎవరెవరివో అద్దె ఖాతాలు. మీకు వచ్చే గెలుపు కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతాపై దేశంలో ఎక్కడో ఒకరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, సొమ్ము వెళ్లిన దారిలో ఉన్న మీ జీతం ఖాతా కూడా ఆగిపోవచ్చు. ఆగితే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషను, ఎంత మొత్తం అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే పట్టి మిగతాది వదలమని దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టండి. వినకపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503వ సెక్షన్ కింద సంబంధిత మేజిస్ట్రేటు దగ్గరికి. ఆ అర్జీలో ఏం రాస్తారో లాయరుకు చూపించే పంపండి. ‘పోకర్ గెలుపు’ అని ఒక్క వాక్యం రాసినా అది మీ ఒప్పుకోలే. యాప్ డబ్బు ఎగ్గొట్టిందని మీరే ఫిర్యాదు చేయాలన్నా ఇదే జాగ్రత్త. యాప్‌లోని లావాదేవీల జాబితాను మాత్రం సైటు తెరుచుకుంటున్నప్పుడే దించుకోండి. పన్నుకైనా ప్రతివాదనకైనా అదే ఆధారం.

చివరగా మీ బావమరిది. పాత యాప్‌లో గెలుపు ఆయన పాన్ మీద నమోదై, కోసిన టీడీఎస్ కూడా ఆయన ఫారం 26ఏఎస్‌లోనే (పాన్ మీద జమైన పన్ను చూపే పట్టికలో) కనిపిస్తుంది. రిటర్నులో చూపకపోతే నోటీసు ఆయనకే వస్తుంది, సొమ్ము మీ దగ్గరికి ఎందుకు వచ్చిందనే ప్రశ్న ఆ తర్వాత మీకు. ఆయన రిటర్నులో ఆ గెలుపు చూపించారో లేదో ముందు కనుక్కోండి. చూపకపోతే గడువు చూసుకుని సవరించిన రిటర్ను గానీ, అది దాటితే అదనపు పన్నుతో అప్‌డేటెడ్ రిటర్ను గానీ వేయించండి. అందుకయ్యే పన్ను మీరు భరించడం న్యాయం, బ్యాంకు ద్వారానే పంపండి. ఆ ఖాతాలో ఇంకా నిల్వ ఉంటే అది ఆయన బ్యాంకు ఖాతాకే రావాలి, మీ ఖాతా నంబరు మార్చి పెట్టే ప్రయత్నం చేయకండి.