ముందు గోకు, తర్వాత అతుకు

కడప

నాయనా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. మద్రాసులో పాత తెరచాప పడవ కొని, లారీ మీద జమ్మలమడుగుకు తెచ్చి, చింతచెట్టు కింద పెట్టుకున్నోడివి నువ్వొక్కడివే ఉంటావు. మీ నాయన నాకు ఫోన్ చేసి ఒకటే తిట్లు. అన్నకు నేను చెప్పుకుంటాలే. 24 అడుగుల పడవ, బయట డొప్ప గట్టిగానే కనపడుతోంది. తంటా అంతా లోపలే.

బల్క్‌హెడ్ (పడవ లోపలి అడ్డు చెక్కగోడ) అడుగున ఫైబర్ పట్టీ లేచి వేలు దూరేంత సందు పడింది కదా, అందులో రెసిన్ (గట్టిపడే జిగురు) పోసి పైన రెండు పొరలు మ్యాట్ (గాజుపోగుల పట్ట) వేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. విశాఖలో పడవల షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న వింటూనే వచ్చాను.

మన మట్టిమిద్దెను దూలాలు, దంతెలు మోసినట్టు, పడవ డొప్పను లోపల పొడుగునా సాగే స్ట్రింగర్లు, బల్క్‌హెడ్‌లు నిలబెడతాయి. తెరచాపకు గాలి తగిలితే ఆ లాగుడంతా తెరచాప స్తంభం పక్క తీగల మీదుగా పడవ పైకప్పు, అంటే డెక్‌లోని ఇనుప పట్టీకి, అక్కడినుంచి బల్క్‌హెడ్ చెక్కకు దిగుతుంది. చెక్కనూ డొప్పనూ పట్టి ఉంచేది ఆ ఫైబర్ పట్టీయే. పాత పడవల్లో దాన్ని పాలియెస్టర్ రెసిన్‌తో వేసేవాళ్లు. ప్లైవుడ్‌కు దాని పట్టు అంతంతమాత్రం. నీళ్లు చేరాయా, ఊడిపోతుంది.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడు. ఆ ఇనుప పట్టీ డెక్‌లోంచి దిగే చోటే ఎక్కువగా కారుతుంది. గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని చెక్కను అడుగునుంచి పైకి పొడుచుకుంటూ పో. మెత్తగా దిగిన చోటల్లా కుళ్లిందని లెక్క. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఫైబర్ అంతా తట్టు. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అట్లాగే. ఖంగుమంటే బాగుంది, మొద్దుగా మోగితే పొర విడిపోయింది. అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. పడవ అడుగున దిగిన రెక్క లాంటి కీల్ వెనక కొస దగ్గర లోపలి అడ్డపట్టీలను మరీ జాగ్రత్తగా చూడు. పడవ ఎప్పుడైనా రాతికి కొట్టుకుని ఉంటే కీల్ ముందుభాగం ఆగిపోయి వెనక కొస పైకి తంతుంది. పగుళ్లు అక్కడే దొరుకుతాయి.

పడవను పాత టైర్ల మీద పెట్టినట్టున్నావు. అది మార్చు. బరువంతా కీల్ మీద ఆని, పక్కలకు బల్క్‌హెడ్‌లు ఉన్న చోట ఆసరా ఉండాలి. పాత చెక్క కొయ్యకముందే పడవ లోపలి వెడల్పును ఒక కర్రతో కొలిచి గుర్తు పెట్టుకో. బల్క్‌హెడ్‌లు అన్నీ ఒకేసారి తీయొద్దు, డొప్ప సాగి ఆకారం మారిందంటే మళ్లీ రాదు. ఒకటి తీయి, అట్టతో దాని ఆకారం కత్తిరించుకో, కొత్తది పెట్టు, తర్వాతే ఇంకోదాని జోలికి పో. కొత్త చెక్కకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకో. అంచులకు రెసిన్ తాగించకుండా ఏ చెక్కా లోపల పెట్టొద్దు.

ఇక గోకుడు. ఒకసారి మా షెడ్డులో తొందరలో పాత పెయింట్ మీదే పట్టీలు వేసేశాం. వేసింది నేనే. ఆర్నెల్లకు ఆ పడవ తిరిగొచ్చింది. గోరు పెట్టి లాగితే పెనం మీద దోసె లేచినట్టు లేచొచ్చింది. గట్టిపడిన పాత ఫైబర్‌లో కొత్త రెసిన్ కలిసిపోదు, గరుకు దొరికితే దాన్ని పట్టుకుంటుందంతే. ముందు ఎసిటోన్‌తో తుడువు. తుడవకుండా గ్రైండర్ పెడితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. ఆ తర్వాత 40 నంబరు గరుకు డిస్క్‌తో పెయింట్ అంతా పోయి శుభ్రమైన గాజు పొర కనపడేదాకా గోకు. మూతికి కట్టుకునే తువ్వాలు దీనికి పనికిరాదు, ఫిల్టర్ ఉన్న మాస్క్ కొనుక్కో. పని అయ్యాక చన్నీళ్లే పోసుకో. వేడినీళ్లు పోసుకున్నావంటే ఒళ్లంతా దురద.

రెసిన్ ఎపాక్సీయే వాడు. ఖర్చు ఎక్కువే, కానీ పాత ఫైబర్‌నూ చెక్కనూ పట్టుకోవడంలో పాలియెస్టర్ దానికి సాటి రాదు. దాంతో మామూలు మ్యాట్ వాడొద్దు, ఆ పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో కరుగుతుంది గాని ఎపాక్సీలో కరగదు. రెండు దిక్కుల పోగులు కలిపి కుట్టిన బయాక్సియల్ గుడ్డ అడుగు. రెసిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ డబ్బా మీద రాసిన కొలతే కలుపు. తొందరగా గట్టిపడాలని ఇంకొంచెం పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. అన్నట్టు, ఫోటోలో మూలన పాలియెస్టర్‌ను గట్టిపరిచే పాత క్యాటలిస్ట్, కోబాల్ట్ సీసాలు పక్కపక్కనే కనిపించాయి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటే. ఇవాళే వేరు చెయ్యి.

మన ఎండ సంగతి. 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిన్ గట్టిపడకుండా ఉండే సమయం దాదాపు సగమవుతుంది. మే నెలలో మగ్గు నిండా కలిపితే నీ చేతిలోనే పొగలొస్తుంది. ఎండాకాలం పడవ ఆరడానికి వదిలెయ్, ఆ పని మన ఎండ ఉచితంగా చేస్తుంది. అతికించే పని చలికాలంలో పెట్టుకో. అది కూడా పొద్దున చల్లగా ఉందని మొదలుపెట్టొద్దు. పొద్దెక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి రెసిన్‌లో బుడగలు లేపుతుంది. వేడి తగ్గుతున్న సాయంత్రమే సరైన సమయం.

చెక్క అంచు డొప్పకు నేరుగా తగలకూడదు. మధ్యలో సన్నటి ఫోమ్ ముక్క పెట్టు, లేకపోతే ఆ గీత వెంబడే డొప్ప పగులుతుంది. మూలను చిక్కటి ఎపాక్సీ పుట్టీతో గుండ్రంగా నింపి, అది ఇంకా జిగటగా ఉన్నప్పుడే గుడ్డ పరువు. ఒక్కో పొర అంచు ఒక్కో చోట ఆగాలి. మొత్తం మందం పాత పట్టీ కంటే తగ్గకూడదు. రాత్రి ఆపి మర్నాడు కొనసాగిస్తే, ముందు నీళ్లు పోసి అంట్లు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో రుద్దు. గట్టిపడే ఎపాక్సీ పైన తేలే జిడ్డు ఎసిటోన్‌కు సరిగ్గా పోదు, నీళ్లకు పోతుంది.

అడుగున నీళ్లు పారే చిన్న బొక్కలు ఉంటాయి. పని జోరులో వాటిని మూసేసేవు, జాగ్రత్త.

దీపావళి అయ్యాక వస్తాను. సుద్ద గీతలు చెరపొద్దు, రెసిన్ డబ్బా నేనొచ్చేదాకా తెరవొద్దు.

మీ చిన్నాయన