మాట్లాడితే అడుగు ఆగిపోతోంది

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ప్రమాదంలో కుడికాలు మోకాలి పైన తీసేశారు. కృత్రిమ కాలితో నడక మొదలుపెట్టి తొమ్మిది నెలలైంది. ఒక్కడినే అయితే బాగానే నడుస్తాను. పక్కన ఎవరైనా మాట్లాడుతూ వస్తే మాత్రం మాటన్నా ఆగిపోతుంది, అడుగన్నా ఆగిపోతుంది. మొన్న మా అబ్బాయి ఏదో ఫోన్ నంబరు అడిగితే నాలుగు అంకెలు చెప్పి దారి మధ్యలో నిలబడిపోయాను. నా బుర్రకేమైనా అయిందా మేడమ్?

జవాబు: మీ బుర్రకేమీ కాలేదండీ. దానికి పని పెరిగింది, అంతే.

కాలు నేలకు ఆనగానే పాదం, చీలమండ, మోకాలు పైకి కబురు పంపుతాయి: నేల వాలుగా ఉందా, మోకాలు ఎంత వంగింది అని. మనకు తెలియకుండానే ఒళ్లు సర్దుకుంటుంది. మీకు కుడివైపు నుంచి ఆ కబురు రాదు. సాకెట్ (మిగిలిన తొడను దూర్చుకునే కృత్రిమ కాలి పైభాగం) లోపల తొడకు తగిలే ఒత్తిడి, తుంటి దగ్గర తెలిసేది, కంటికి కనిపించేది, వీటితోనే నెట్టుకురావాలి. పైగా మోకాలు ఉన్నట్టుండి మడతపడకుండా కాచుకోవాలి. అందుకే ధ్యాసలో పెద్ద వాటా నడకకే పోతుంది.

ఫిజియోథెరపీలో మేము 100 నుంచి ఏడేసి తీసేస్తూ నడవమంటాం. ఒకాయన 93, 86 గబగబా చెప్పేసి, 79 దగ్గర రెండు చేతులతో కడ్డీలు గట్టిగా పట్టేసుకున్నారు. కృత్రిమ పాదం వెనకే ఉండిపోయింది. ఆయన లెక్కల మాస్టారు! లెక్క రాక ఆగలేదు కదా.

ఆగేవాళ్లను చూస్తే నాకు భయం లేదు. మాట పూర్తి చేయాలని తూలుతూ నడిచేవాళ్లను చూస్తేనే టెన్షన్. రెండూ కుదరనప్పుడు మాటనే వదిలేయండి.

అయితే రెండూ కలిపి చేయడం సాధనతో మెరుగుపడుతుంది. రోడ్డు మీద వద్దు. పట్టుకోవడానికి కడ్డీ ఉన్న చోట, పక్కన మీ థెరపిస్టు ఉండగా మొదలుపెట్టండి. ముందు వారాల పేర్లు వెనక నుంచి చెప్పండి. అది అలవాటయ్యాక కబుర్లు. నీళ్ల గ్లాసు పట్టుకుని నడవడం, మలుపు తిరగడం బాగా తర్వాత.

సాయంత్రానికి సాకెట్ వదులవుతోందేమో కూడా చూసుకోండి. పొద్దుటికీ సాయంత్రానికీ స్టంప్, అంటే మిగిలిన తొడ భాగం, కాస్త చిక్కుతుంది. లోపల కాలు కదులుతుంటే మనసంతా అక్కడే ఉంటుంది. స్టంప్ మీద సాక్సు ఇంకొకటి వేస్తే సరిపోతుందో, సాకెట్టే మార్చాలో కాలు అమర్చినవాళ్లు చెబుతారు. మైక్రోప్రాసెసర్ మోకాలు (లోపలి చిన్న కంప్యూటరే వంపును అదుపు చేసే కృత్రిమ మోకాలు) వాడేవాళ్లలో కొందరు అడుగడుగూ ఆలోచించే బాధ తగ్గిందంటారు. మీకు నప్పుతుందేమో వాళ్లనే అడగండి.

ఫోన్ మోగితే ముందు ఆగండి, బరువు మంచికాలి మీదకు తెచ్చుకోండి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి. మీ అబ్బాయికీ ఓ మాట చెప్పి ఉంచండి: నాన్న ఆగితే తనూ ఆగాలి, అడిగిందే మళ్లీ మళ్లీ అడగకూడదు.