స్టీరింగ్ మీద ఆడియో బటన్లు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నాది బేసిక్ మోడల్ కారు. స్టీరియో ఈమధ్యే మార్పించాను. పై మోడల్ స్టీరింగ్‌కి ఉండే ఆడియో బటన్లు తెచ్చి నా కారుకి బిగిస్తే పనిచేస్తాయా?

జవాబు: చేస్తాయి. కానీ బటన్లు కొనే ముందు క్లాక్ స్ప్రింగ్ సంగతి చూడండి. స్టీరింగ్ ఎటు తిప్పినా తీగలు తెగకుండా లోపల చుట్టలా ఉండే రిబ్బన్ కేబుల్ అది. చాలా బేసిక్ మోడళ్లలో అందులో హారన్‌కీ, ఎయిర్‌బ్యాగ్‌కీ మాత్రమే లైన్లు ఉంటాయి. నేను మొదటిసారి నా సొంత కారుకే బటన్లు బిగించి, అంతా మూసేశాక గాని ఈ విషయం తెలుసుకోలేదు. మళ్లీ మొత్తం విప్పాల్సి వచ్చింది.

బటన్లలో పెద్ద మాయేమీ లేదు. ఒక్కో బటన్‌కి ఒక్కో విలువ రెసిస్టర్. నొక్కినప్పుడు వోల్టేజీ ఎంత మారిందో చూసి స్టీరియో అది ఏ బటనో గుర్తుపడుతుంది. మీ స్టీరియో వెనక కీ1, కీ2 అని రాసిన తీగలుంటే, సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కో బటన్‌నీ దానికి నేర్పించడమే. కొన్ని కార్లలో ఈ సమాచారం క్యాన్ లైన్ (కారులోని ఎలక్ట్రానిక్ యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డేటా లైన్) మీద వెళ్తుంది, వాటికి అడాప్టర్ కావాలి.

ఎయిర్‌బ్యాగ్ విప్పే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. బ్యాటరీ నెగటివ్ తీశాక మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్‌లో మల్టీమీటర్ అసలు పెట్టకూడదు. ఇంత టెన్షన్ వద్దనుకుంటే స్టీరింగ్‌కి తగిలించే వైర్‌లెస్ రిమోట్ ఉంది. చూడ్డానికి అతికించినట్టే ఉంటుంది, నాకైతే నచ్చదు.