అప్పు చేసి కృతజ్ఞతా కూడిక పెట్టాలా?

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వేసవిలో మా వారికి కామెర్లు ముదిరితే విశాఖ తీసుకెళ్ళాం. దేవుని దయవల్ల లేచి తిరుగుతున్నారు. అప్పుడు మా అత్తగారు చర్చిలో సంఘం ముందు నిలబడి, బిడ్డ లేస్తే కృతజ్ఞతా కూడిక పెడతానని మొక్కుకున్నారు. ఇప్పుడు షామియానా, మైకు, 200 మందికి చికెన్ బిర్యానీ అంటున్నారు. మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో 30 వేలు లోను తీయమంటున్నారు. మందులకు చేసిన అప్పే ఇంకా తీరలేదు. వద్దంటే దేవుడికిచ్చిన మాట తప్పినట్టా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి

జవాబు: లోను తీయకమ్మా. ముందు ఆ మాట చెప్పేశాను, మిగతాది తీరిగ్గా చదువుకో.

మొక్కు మాత్రం తీర్చాల్సిందే. మీ అత్తగారి బెంగంతా అదే, దాన్ని కొట్టిపారేయకు. కానీ ఆవిడ మొక్కింది కూడిక, బిర్యానీ కాదు. షామియానాలూ మైకులూ మన వైపు ఒకరిని చూసి ఒకరం పెంచుకున్నవే. ఈమధ్య ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు, అదొకటి!

అత్తగారితో కూర్చుని బైబిల్లో లేవీయకాండం 7వ అధ్యాయం చదువు. కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా మిగల్చకూడదు. అంత మాంసం ఒక్క ఇంటివాళ్ళు తినగలరా? నలుగురినీ పిలవక తప్పదు. కాబట్టి భోజనం పెట్టాలన్న ఆవిడ ఆశలో తప్పేం లేదు. ఇక ఖర్చు సంగతి 12వ అధ్యాయంలో ఉంది. గొర్రెపిల్లను తేలేని బాలింత రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెస్తే చాలు. మరియ, యోసేపులు పసివాడైన యేసును యెరూషలేము తీసుకెళ్ళినప్పుడు అర్పించింది ఆ పేదల అర్పణే అని లూకా 2వ అధ్యాయం చెబుతుంది.

గుణుపురంలో మా చిన్నోడు మలేరియా నుంచి లేచాక మేమూ పెట్టాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోనే చాపలు పరిచి అన్నం, గుమ్మడికాయ వేసిన దాల్మా (ఒడియావాళ్ళ కూరగాయల పప్పు), టమాటా పచ్చడి. అర్ధరాత్రి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన ఆటో అతన్నీ పిలిచాం. అతను చర్చి మనిషి కాదు, గుమ్మం దగ్గరే కూర్చుంటానని మొహమాటపడ్డాడు. మా వారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. చిన్నోడే అతనికి వడ్డించాడు, సగం దాల్మా చాప మీద పోసి.

నువ్వూ అలాగే లిస్టు రాసుకో. విశాఖలో రాత్రుళ్ళు తోడున్నవాళ్ళు, నీ పిల్లలకు అన్నం పెట్టిన పక్కింటివాళ్ళు, ఒడియావాళ్ళయినా సరే. తిరిగి పిలవలేని బీదల్ని పిలవమన్నాడు ప్రభువు, అలాంటి ఇళ్ళు రెండు మూడు కలుపుకో. మందులకు అప్పిచ్చినవాళ్ళకి ఆ నెల ఎంతో కొంత కట్టాకే బజారుకి వెళ్ళు.

ఇదంతా అత్తగారికి నువ్వు చెప్పకు, మీ వారిచేత చెప్పించు. కోడలు చెబితే డబ్బుకి వెనకాడినట్టుంటుంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం మాత్రం ఆవిడే చెప్పాలి, మొక్కింది ఆవిడ కదా. కాస్త ఎక్కువసేపు మాట్లాడినా ఆవిణ్ణి ఆపొద్దని పాస్టరు అయ్యగారికి ముందే చెప్పి ఉంచు.