ఆరడుగుల మూడంగుళాల మనిషి గ్లైడర్‌లో ఎలా కూర్చోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చాలామందికి పనికొచ్చేది, అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాను. మిగతా మూడూ దానికి దగ్గరివే.

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ, ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. చిన్నప్పుడు మామునూరు వైపు వెళ్లినప్పుడల్లా ఆ పాత ఎయిర్‌పోర్టు జాగా చూసి ఎప్పటికైనా విమానం నడపాలనుకునేవాడిని. పోయిన సీజన్‌లో వేరే రాష్ట్రంలో గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ట్రైనింగ్ మొదలుపెట్టాను, పద్నాలుగు ఫ్లైట్లు అయ్యాయి. నా ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. కనోపీ (కాక్‌పిట్ పైనుండే అద్దం లాంటి మూత) మూయగానే తల తగులుతోంది, మెడ వంచి కూర్చుంటున్నాను. వెనక్కి చూడు, వెనక్కి చూడు అని ఇన్‌స్ట్రక్టర్ అంటూనే ఉంటారు, నాకు రెక్క కొస కూడా సరిగ్గా కనబడదు. నీ ఎత్తుకు గ్లైడర్ కుదరదని ఒక సీనియర్ అన్నారు. మానేయాలా?

జవాబు: మానేయకు తమ్ముడూ. నాది కూడా 6 అడుగుల 2 అంగుళాల ఎత్తు. నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాగే తల ఒక పక్కకు వాల్చి కూర్చునేవాడిని, దిగాక సాయంత్రం దాకా మెడ పట్టేసి ఉండేది. కానీ అలా కూర్చోవడం మాత్రం వచ్చే ఫ్లైట్ నుంచే ఆపెయ్. గ్లైడర్‌లో పక్కన ఎవరొస్తున్నారో చూసుకోవడానికి మనకున్నవి రెండు కళ్లు, వాటిని తిప్పే మెడ. ఆ మెడనే కనోపీ కింద ఇరికించేస్తే వెనక ఏముందో ఎట్లా తెలుస్తుంది? తల తగులుతోందని ఒకటి, వెనక్కి కనబడట్లేదని ఒకటి, రెండు బాధలు రాశావు. మొదటిది సరిచేస్తే రెండోది సగం తీరుతుంది.

ముందు ఒక కొలత తీసుకో. గోడకు వీపు ఆనించి నేల మీద నిటారుగా కూర్చుని, నేల నుంచి నడినెత్తి వరకు ఎంతుందో ఇంట్లో ఎవరితోనైనా టేపు పెట్టి కొలిపించు. నిలబడ్డ ఎత్తు కంటే కాక్‌పిట్‌లో లెక్కకొచ్చేది ఇదే. ఒకే ఎత్తున్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి కాళ్లు పొడుగుంటాయి, ఇంకొకరికి నడుం పైభాగం పొడుగుంటుంది. కాళ్లు పొడుగైతే రడ్డర్ పెడల్స్ (తోక చుక్కానిని తిప్పడానికి కాళ్లతో తొక్కేవి) ముందుకు జరుపుకుంటే చాలా వరకు సర్దుకుంటుంది, పైభాగం పొడుగైతేనే కనోపీతో గొడవ. నీది రెండో రకంలా ఉంది, అయినా కొలిచి చూడు.

తల తగిలితే అందరూ చేసే మొదటి పని సీటు వీపు భాగాన్ని ఇంకా వెనక్కి వాల్చడం. తల కిందికి దిగే మాట నిజమే. కానీ అలా పడుకుంటే ముందుకు చూడటానికి గడ్డం ఛాతీ మీదికి తెచ్చుకోవాలి, ఆ స్థితిలో మెడ పక్కలకు పెద్దగా తిరగదు. నమ్మకపోతే ఇంట్లో పడక కుర్చీలో వాలి, తల కొంచెం ఎత్తి పెట్టి, వెనక గోడకున్న క్యాలెండర్‌లో తేదీ చూడటానికి ప్రయత్నించు. అందుకే నేను ఎత్తును కింద నుంచి తగ్గించుకోమంటాను. సీటులో ఏమేం పరిచి ఉన్నాయో ఒక్కొక్కటీ తీసి చూడు, ట్రైనింగ్ గ్లైడర్లలో పొట్టివాళ్ల కోసం వేసిన మెత్తలు అలాగే ఉండిపోతాయి, ఎవరూ తియ్యరు. తర్వాత పారాచూట్. లావుపాటిది వేసుకుంటే అది నిన్ను ముందుకు, పైకి తోస్తుంది, సెంటర్‌లో పల్చటి పారాచూట్ ఒకటైనా ఉంటుంది, అడిగి అదే తీసుకో. కొన్ని మోడళ్లలో సీటు వీపు పలక పూర్తిగా తీసేసి పారాచూట్‌నే ఆనుకుని కూర్చోవచ్చు, ఫ్లైట్ మాన్యువల్‌లో ఆ సంగతి రాసి ఉంటేనే సుమా. సీటు అడుగు కోయించడం, బెల్టు కొక్కెం జరపడం లాంటివి ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. అలాంటి మార్పులకు తయారీదారు నుంచి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి అనుమతి కావాలి.

ఇవన్నీ చేశాక, టోపీ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని, కనోపీ మూసి, తలకీ కనోపీకీ మధ్య ఎంత సందు ఉందో చూడు. నాలుగు వేళ్లు అడ్డంగా పట్టాలని నా లెక్క. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా గిరగిరా తిరుగుతూ పైకి పోతుంటాయి చూశావా, ఆ పైకి లేచే వేడి గాలే మన థర్మల్. అందులోకి దూరేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు గ్లైడర్ గట్టిగా కుదుపుతుంది. బెల్టు వదులుగా ఉండి తల పైన సందు లేకపోతే నడినెత్తి నేరుగా అక్రిలిక్‌కు కొట్టుకుంటుంది. క్రికెట్ టోపీ నడినెత్తి మీద గుండీ ఒకటి ఉంటుంది కదా, దాన్ని కోసి పారెయ్. చిన్న విషయమే, కానీ కుదుపులో కనోపీకి, పుర్రెకు మధ్య నలిగేది అదే. టోపీకి ముందు రేకు కూడా వద్దు, పైన తిరుగుతున్న గ్లైడర్‌ను దాచేస్తుంది. చలువ కళ్లద్దాల కాడలు వెడల్పుగా ఉన్నా అంతే, పక్కచూపు పోతుంది.

నడుం నొప్పి అని వీపు వెనక స్పాంజి దిండు మాత్రం పెట్టుకోవద్దు. ఇది నా ఒంటి మీదికి తెచ్చుకున్న అనుభవం. వించ్ (నేల మీద ఉండి తాడు చుట్టే యంత్రం) లాగినప్పుడు గ్లైడర్ కొన్ని సెకన్లలోనే గంటకు 90, 100 కిలోమీటర్ల వేగం అందుకుని ముక్కు పైకెత్తి లేస్తుంది. నేను పెట్టుకున్న స్పాంజి ఆ ఊపుకు అప్పడంలా అణిగిపోయింది, నేను వెనక్కి జారాను, నాతోపాటు చేతిలో ఉన్న స్టిక్ (గ్లైడర్‌ను నడిపే కర్ర) కూడా వెనక్కి వచ్చేసింది. వెనక సీటులో ఇన్‌స్ట్రక్టర్ స్టిక్ ముందుకు నెట్టకపోతే ఆ రోజు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఇలా వెనక్కి జారి స్టిక్ అందక జరిగిన ప్రమాదాలు గ్లైడింగ్‌లో ఉన్నాయి. కింద వేసుకునే మెత్త కూడా అంతే, దూది దిండు మీద కూర్చుని గట్టిగా ల్యాండ్ అయితే మెత్త అణిగి ఒంటి బరువంతా ఒక్కసారి సీటు అడుగుకు కొట్టుకుని వెన్నుపూస మీద పడుతుంది. దెబ్బను మింగుకునే గట్టి ఫోమ్ వేరే దొరుకుతుంది, నొక్కితే నెమ్మదిగా లేస్తుంది. అవసరమైతే అదే, పల్చగా. నడుం వంపు దగ్గర మాత్రం ఆనుకోవడానికి గట్టిగా ఏదో ఒకటి ఉండాలి. గూని పెట్టి కూర్చున్న వెన్ను దెబ్బకు తట్టుకోలేదు, నిటారుగా ఉన్నది తట్టుకుంటుంది.

నేల మీదే ఇంకో పావుగంట ఖర్చు పెట్టు. స్టిక్‌ను నాలుగు మూలలకూ తిప్పి చూడు, తొడకు గానీ పొట్టకు గానీ తగిలి మధ్యలో ఆగకూడదు. ఒక పెడల్ పూర్తిగా తొక్కు, అప్పుడు రెండో మోకాలు ముందున్న మీటర్ల ప్యానెల్‌కు తగులుతోందేమో చూడు. పెడల్స్ మరీ దగ్గరగా ఉంటే మోకాళ్లు పైకి లేచి నడుం బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది, అది తుంటి ఎముకల మీదే ఉండాలి. భుజం బెల్టులు వెనక ఎక్కడ కట్టి ఉన్నాయో కూడా చూడు, పొడుగువాళ్లకు ఆ చోటు భుజం కంటే బాగా కిందికి వచ్చేస్తుంది, అప్పుడు బిగించిన కొద్దీ బెల్టు వెన్నును కిందికి నొక్కుతుంది. ఇక పారాచూట్‌తో సహా బయటికి దూకడం కనీసం మూడుసార్లు ప్రాక్టీస్ చెయ్. నీలాంటి పొడుగు కాళ్లు ప్యానెల్ కింద నుంచి బయటికి రావడానికి టైం పడుతుంది, అది ఎంతో నేల మీద ఉండగానే తెలియాలి.

ఇప్పుడు వెనక్కి చూడటం. ముందు సీటులో ఎంత బాగా కూర్చున్నా సరిగ్గా తోక వెనక, పొట్ట కింద ఏముందో ఎవరికీ కనబడదు, పొట్టివాళ్లకూ కనబడదు. కనబడే చోటంతా చూడటం, కనబడని చోటును గ్లైడర్ తిప్పి చూపులోకి తెచ్చుకోవడం, ఇంతే మన చేతిలో ఉన్నది. ఎడమకు తిరగబోతున్నావనుకో, ముందు కుడి రెక్క వైపు వెనక నుంచి మొదలుపెట్టి, నేల ఆకాశం కలిసే గీత వెంట చూపును ముందు వైపు మీదుగా ఎడమకు తెస్తూ, చివర్లో ఎడమ భుజం మీదుగా ఎంత వెనక్కి వీలైతే అంత వెనక్కి చూసి, అప్పుడు స్టిక్ కదుపు. చూసేటప్పుడు తలను హెడ్‌రెస్ట్‌కు ఆనించి తిప్పొద్దు, రెండంగుళాలు ముందుకు తెచ్చి తిప్పు, గడ్డం భుజం దాకా పోతుంది. నాకు ఈ ఒక్క అలవాటుతోనే రెక్క వెనక అంచు కనబడటం మొదలైంది. దీని కోసం బెల్టు వదులు చెయ్యొద్దు. ఒకే థర్మల్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటే ముందు చేరినవాళ్లు ఏ వైపు తిరుగుతున్నారో అదే వైపు తిరగాలి, బయటి నుంచి మెల్లగా కలవాలి, ఎవరి తోక వెనక కిందుగా నిలవకూడదు. వాళ్లకు నువ్వు కనబడని చోటు అదే, నీకు వాళ్లు కనబడని చోటు కూడా నీ తోక వెనకే.

బరువు సంగతి నువ్వు రాయలేదు గానీ చూసుకో. ఏఎస్‌కే 21 లాంటి రెండు సీట్ల గ్లైడర్‌లో ఒక్కో సీటులో 110 కిలోల వరకే, అందులో పారాచూట్ కూడా లెక్కే. ముందు ముందు సింగిల్ సీటర్‌కు వెళ్లినప్పుడు పేరు చివర అక్షరం కూడా చూడు. షెంప్-హిర్త్ అనే జర్మన్ కంపెనీ వాళ్ల డిస్కస్, వెంటస్ మోడళ్లలో 'ఎ' అంటే ఇరుకు బాడీ, 'బి' అంటే వెడల్పుది. ఫొటో చూసి ఒప్పుకోకు, పారాచూట్‌తో కూర్చుని కనోపీ మూయించుకుని చూడు.

ప్రశ్న: బుల్లెట్‌కు ఉన్నట్టు గ్లైడర్‌కు రెండు అద్దాలు పెడితే వెనక కనబడదా అన్నా? — మంచిర్యాల పాఠకుడు

జవాబు: గ్లైడర్‌ను తాడుతో లాగే విమానానికి అద్దం ఉంటుంది, వెనక తాడు చివర గ్లైడర్ ఎక్కడుందో చూసుకోవడానికి. ఎక్కడ చూడాలో ముందే తెలిసిన పని కాబట్టి అక్కడ అద్దం సరిపోతుంది. గ్లైడర్ వైపు వచ్చేవాళ్లు పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి ఎటునుంచైనా రావచ్చు, చిన్న అద్దంలో కనబడేది ఇంత ముక్క, అది చూస్తూ కూర్చుంటే మిగతా ఆకాశం మర్చిపోతాం. ఇప్పుడు ఫ్లార్మ్ అనే పరికరం ఉంది, 2004లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. జీపీఎస్‌తో మన చోటు తెలుసుకుని రేడియోలో చుట్టుపక్కల గ్లైడర్లకు చెబుతుంది, ఎవరైనా ఢీకొట్టే దారిలో ఉంటే వెనక నుంచి వచ్చినా మోగుతుంది. అయితే అవతలివాళ్ల దగ్గర కూడా ఆ పరికరం ఉంటేనే.

ప్రశ్న: మా బాబు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. 6 అడుగుల 2 అంగుళాలు. ఇంత పొడుగుంటే ఎయిర్‌ఫోర్స్ పైలట్‌గా తీసుకోరని చుట్టాలు భయపెడుతున్నారు. — ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, ఎత్తు ఒక్కటే చూసి ఎవరూ కాదనరు. పైలట్‌కు కూర్చున్న ఎత్తు 96 సెంటీమీటర్లు దాటకూడదు, కాలి పొడుగు 99 నుంచి 120 మధ్య ఉండాలి, తొడ పొడుగు 64 మించకూడదు. సీటుతో సహా బయటికి ఎగిరిపోయే సమయంలో మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కు కొట్టుకోకూడదని తొడ కొలత చూస్తారు. పైన తమ్ముడికి చెప్పినట్టే గోడకు ఆనించి కూర్చోబెట్టి కొలవండి. 6 అడుగుల 2 అంగుళాలవాళ్లలో చాలామంది ఈ లెక్కలోకి వస్తారు. అప్లై చేసేముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అంకెలు ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఎండకు కనోపీ తెరిచి పెడితే కాక్‌పిట్ చల్లగా ఉంటుంది కదా, మా ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు వద్దంటారు? — రామగుండం

జవాబు: ఆయన చెప్పింది వినండి. తెరిచి పెట్టిన కనోపీ భూతద్దంలా పనిచేసి ఎండను ఒక చోట పోగేస్తుంది, సీటో బెల్టో కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి. మూసి, తెల్ల గుడ్డ కప్పండి. ఎక్కేముందు కనోపీని నీళ్లతో తడిపి మెత్తటి గుడ్డతో తుడవండి, పొడి గుడ్డతో దుమ్ము రుద్దితే పడే గీతలు సాయంత్రం ఎండకు ఎదురుగా వచ్చేసరికి ఎదురుగా ఉన్న గ్లైడర్‌ను పూర్తిగా మింగేస్తాయి.