బొమ్మలు పెంచితే పరుగు సాఫీ అవుతుందా?

ప్రశ్న: కొండారెడ్డి బురుజు ముందు గాలిపటం పట్టుకుని పరుగెత్తే పిల్లాణ్ని గింప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) 12 బొమ్మలుగా గీశాను. ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు. ఆడిస్తే కుదుపులే. మధ్యలో బొమ్మలు చేర్చి 24 చేసినా అంతే. పిల్లాడి ఒళ్లు వణుకుతోంది, పాదాలు జారుతున్నాయి. – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ముందు లెక్క చూడండి. 12 బొమ్మలు, 100 మిల్లీసెకన్లు అంటే రెండు అడుగులకు 1.2 సెకన్లు. మామూలు నడకకే సెకను చాలు. 24 చేశాక 2.4 సెకన్లయింది, పిల్లాడు పరుగు మాని నీళ్లలో నడుస్తున్నట్టుంటాడు. మీకు బొమ్మలు తక్కువ కాలేదు, ఎక్కువయ్యాయి.

ఎనిమిది చాలు, ఒక్కోటి 80 మిల్లీసెకన్లు. ఒక కాలికి నాలుగు భంగిమలు: పాదం నేలకు ఆనేది, మోకాలు వంగి ఒళ్లు దిగేది, నేలను తన్నేది, రెండు కాళ్లూ గాల్లో ఉండేది. రెండో కాలికీ ఇవే నాలుగు. చివర మొదటి బొమ్మను మళ్లీ పెట్టారేమో చూసి తీసేయండి, లేకుంటే చుట్టు తిరిగినప్పుడల్లా ఒక క్షణం ఆగుతుంది.

గాలిపటం ఊగుడులో కుదుపు ఎడంతో వస్తుంది. ఈ కొస నుంచి ఆ కొసకు 120 పిక్సెళ్లను నాలుగు సమాన భాగాలు చేస్తే గడియారం లోలకానికి కూడా లేని బిగుసు వస్తుంది. 10, 50, 50, 10గా పంచండి. తిరుగు ఊపు కూడా అంతే. మొత్తం ఎనిమిది బొమ్మల్లో ముగుస్తుంది కాబట్టి పరుగుతో సరిగ్గా కలుస్తుంది.

వణుకు వేరే జబ్బు. చొక్కా, తల ప్రతిసారీ కొత్తగా గీస్తే గీత వెంట్రుకవాసి తేడాతో పడుతుంది, ఆడించినప్పుడు అదే వణుకు. ఆకారం మారని భాగాన్ని మళ్లీ గీయకండి. లేయర్‌ను (బొమ్మ గీసిన పొరను) డూప్లికేట్ చేసి, తలను మూవ్ టూల్‌తో పైకీ కిందికీ జరపండి. కాళ్లు, చేతులు మాత్రం చెరిపి గీయండి.

పాదం జారడం మాత్రం పూర్తిగా లెక్క తప్పే. నేల ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, 20 పిక్సెళ్లు వెనక్కి పోతుంటే, ఆనిన పాదమూ సరిగ్గా 20 పిక్సెళ్లే పోవాలి. 17 పోయినా జారినట్టే. ఎనిమిది ఫ్రేములకు నేల 160 పిక్సెళ్లు పోతుంది కాబట్టి, నేల మీది రాళ్ల వరస 160 పిక్సెళ్లకోసారి అదే రూపంలో రావాలి, లేకపోతే అతుకు దగ్గర నేల ఎగురుతుంది. బురుజును కదపకండి. ఎనిమిది ఫ్రేములకోసారి కోట వెనక్కి గంతేయడం ఎవరికీ నచ్చదు.

ఇక గింప్‌లో అట్టడుగు లేయరే మొదటి ఫ్రేము. లేయర్ పేరు చివర బ్రాకెట్లలో 80ఎంఎస్ అనీ, పక్కనే మరో బ్రాకెట్లలో రీప్లేస్ అనీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. రీప్లేస్ లేకుంటే పాత కాళ్లు కొత్త కాళ్ల వెనక అలాగే మిగిలిపోతాయి. అది పెడితే మాత్రం ప్రతి లేయర్‌లోనూ బురుజు, నేల కలిసి ఉండాలి.

ప్రశ్న: గండికోట సూర్యాస్తమయాన్ని జిఫ్ (కదిలే బొమ్మల ఫైలు) చేస్తే ఆకాశం చారలు చారలుగా వస్తోంది. వేగం కూడా సెకనుకు 24 ఫ్రేములకు కుదరడం లేదు. – జమ్మలమడుగు, కడప జిల్లా

జవాబు: జిఫ్ ఒక్కో ఫ్రేములో 256 రంగులే పడతాయి. నారింజ నుంచి వంగపండు రంగుకు మెల్లగా మారే ఆకాశానికి అవి చాలవు. కాలాన్ని కూడా అది సెకనులో వందో వంతుల్లోనే కొలుస్తుంది. 24 ఫ్రేములకు కావలసిన 41.67 మిల్లీసెకన్లు అందులో ఇమడవు. 40 పెడితే 25 ఫ్రేములవుతాయి. ఇంకా వేగం కావాలని 10 పెట్టారో, బ్రౌజర్లు దాన్ని 100గా తీసుకుని నత్తనడక నడిపిస్తాయి.

ఇలాంటి దృశ్యానికి క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడి, రెండర్ యానిమేషన్‌లో ఎంపీ4 వీడియో తీయండి. ఆకాశాన్ని ఫ్రేములు లేని వేరే లేయర్‌గా ఉంచితే ఒక్కసారి గీస్తే చాలు. కాన్వాస్ వెడల్పు, ఎత్తు సరిసంఖ్యలుగా ఉండాలి. 1280, 720 పెట్టండి. 1281 లాంటి బేసి సంఖ్య వద్దు.