చిట్టెలుక నీళ్లు తాగలేదంటే

చిన్నారీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, ఇది ఎలుకల మెదడు చదవడానికి బెంగుళూరు పోతుందట" అని ఏడ్చినంత పని చేసింది. "ఎలుకలు కాదే, చిట్టెలుకలు" అన్నాను, అదేదో పెద్ద ఓదార్పైనట్టు. ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ నాకే నిద్ర లేదు. నా తర్వాత మన ఇంట్లో మళ్లీ ఒకత్తి బోనుల గదిలో అడుగు పెడుతోందని సంబరంగానే ఉంది. కానీ ఆ గదిలో నేను చేసిన నిర్వాకం కూడా గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకెవరైనా చెబుతారు. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా జంతువుని ముట్టుకోకు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకో. మేము చిట్టెలుకని తోక పట్టి ఎత్తేవాళ్లం; అలా ఎత్తితే వాటికి బెదురెక్కువని 2010లో తేల్చారు. గొట్టంలోకి దాన్నే నడిచి రానిచ్చి గొట్టంతో పాటు ఎత్తు.

నువ్వు గుంటూరు పిల్లవి కాబట్టి ఇంకో మాట. ఉగాది పచ్చడిలో కారం ఆరు రుచుల్లో ఒకటి కావచ్చు గానీ, నువ్వు చదవబోయే, నోటి నుంచి మెదడుకి రుచి చేరే దారిలో అది రుచి కాదు, మంట. వేడిని పట్టే గ్రాహకాన్నే మిరపకాయ తడుతుంది. ఆ కబురు మొహానికీ నోటికీ స్పర్శ, నొప్పి మోసే ట్రైజెమినల్ నాడి మోస్తుంది. అసలు రుచులకి, మెదడు నుంచి నేరుగా బయల్దేరే పన్నెండు జతల నాడుల్లో మూడు: నాలుక ముందు భాగం ఏడోది, వెనక భాగం తొమ్మిదోది, గొంతు దగ్గర పదోది, అంటే వేగస్. మూడూ వచ్చి మెదడు కాండంలో ఎన్.టి.ఎస్. అనే కేంద్రకం, అంటే నాడీకణాల గుంపు, దగ్గరే దిగుతాయి. అదే కేంద్రకం వెనక భాగానికి పొట్ట, పేగుల కబురూ వేగస్ మీదే వస్తుంది. మన బెజవాడ పండిట్ నెహ్రూ బస్టాండులా అనుకో, ఊళ్లు వేరు, ప్లాట్‌ఫారాలు వేరు, ప్రాంగణం ఒకటే. అక్కణ్ణుంచి చిట్టెలుకలో రుచి మెదడు కాండంలోనే ఇంకో కేంద్రకమైన పారాబ్రేకియల్‌కి పోయి, ఆ తర్వాతే మెదడు నడుమనున్న థాలమస్ చేరుతుంది. కోతిలో ఆ మజిలీ లేకుండా నేరుగా పోతుంది. చిట్టెలుక పటం పట్టుకుని మనుషుల గురించి మాట్లాడేటప్పుడు ఇది నోటికి అడ్డం పడాలి.

ఇక నా నిర్వాకం. 1987 మే నెల. జాన్ గార్సియా అనే అమెరికా శాస్త్రవేత్త 1955లో ఎలుకల మీద చూపించింది నాకప్పుడు వేదం: సాకరిన్ నీళ్లు తాగాక ఒంట్లో బాగాలేకపోతే ఎలుక మళ్లీ ఆ తీపి జోలికి పోదు. నేను చిట్టెలుకల మీద చేద్దామని పన్నెండింటిని తెచ్చి, సాకరిన్ నీళ్లు తాగించి, ఆరింటికి కడుపులో తిప్పే లిథియం క్లోరైడ్, ఆరింటికి ఉప్పునీళ్లు ఎక్కించాను. లిథియంవి కింది అరలో, మిగతావి పై అరలో. గుర్తుంచుకోవడం తేలికని! రెండు రోజులాగి మళ్లీ సాకరిన్ సీసాలు పెట్టాను. పై అరవి తాగాయి. కింది అరలో సీసాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎగిరి గంతేసి మా సార్ గదికి పరిగెత్తి, గ్రాఫు కూడా గీసిచ్చాను.

మర్నాడూ అంతే. అప్పుడైనా అనుమానం రావద్దూ? పాతిక గ్రాముల ప్రాణి, రోజుకి నాలుగైదు మిల్లీలీటర్లు తాగేది, ఆ ఎండల్లో రెండో రోజు కూడా చుక్క ముట్టకపోతే అది అయిష్టమా? నేను "ఎంత బలమైన ప్రభావం!" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా బీరువాలో ఉంది, కావాలంటే చూపిస్తాను. మూడో రోజు పొద్దున బోనులు కడిగే తాత ఒక సీసా తీసి, గొట్టం మొన మీద వేలు పెట్టి చూసి, "అమ్మా, వేలు తడవట్లేదు" అన్నాడు. కింది అరకి పెట్టినవి కొత్త గాజు గొట్టాలు. మొన మరీ సన్నగా లాగేశారు, గాలిబుడగ అడ్డుపడి నీళ్లు దిగలేదు. అప్పటికే రెండు చచ్చిపోయాయి. మిగతా నాలుగూ ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని మూలన ముద్దగా పడి ఉన్నాయి. తాత దూదితో నీళ్లు పట్టాడు. నేను నిలబడి చూశాను, అంతే. ఆ గ్రాఫు తిరిగిమ్మని సార్‌ని అడగడానికి ఇంకో రోజు పట్టింది.

కాబట్టి సీసా పెట్టగానే మొన మీద వేలు పెట్టు. ఎప్పుడూ రెండు సీసాలు, ఒకదాంట్లో మంచినీళ్లు. సీసా బరువూ ప్రాణి బరువూ రోజూ రాయి. అరల వారీగా గుంపులు విడదీయకు. చిట్టెలుకకి వాంతి రాదు, దాని కడుపులో తిప్పుతోందో లేదో నోరు చెప్పదు. తాగలేదన్న ఒక్క ముక్క పట్టుకుని కథ అల్లకు.

ఇప్పుడు మీకు నాడీకణాలు పనిచేస్తున్నప్పుడు వెలగడం చూసే వీలుంది, మాకు లేదు. 2023లో అమెరికా శాస్త్రవేత్త నైట్ బృందం నేచర్ పత్రిక‌లో వేసిన పని చదివే ఉంటావు. ఎన్.టి.ఎస్.లో ఒక రకం కణాలు నోట్లో తిండి పడీపడగానే రుచిని బట్టి స్పందించి తినే వేగాన్ని తగ్గిస్తాయి. అదే తిండిని గొట్టంతో పొట్టలోకి పోస్తే ఆ కణాలే నింపాదిగా లేస్తాయి. ఆకలి తగ్గించే జి.ఎల్.పి.-1 హార్మోను తయారుచేసే కణాలు మాత్రం పొట్ట సాగడాన్ని లెక్కపెట్టుకుంటూ పోతాయి. చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు, నాలుగు ముద్దలకే "చాలు పెద్దమ్మా" అనేదానివి కదా. అది నీ ఎన్.టి.ఎస్. కాదులే, సెల్‌ఫోన్. అక్కడ ప్రయోగం మధ్యలో ఉందని అన్నం మానేశావో, ఈ వయసులో రైలెక్కి వస్తాను.

ఆరేళ్లప్పుడు తెనాలి పెళ్లిలో జున్ను తిన్నావు, ఆ రాత్రే నీకు జ్వరం, వాంతులు. పెళ్లిలో ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఇప్పటికీ జున్ను గిన్నె చూస్తే మొహం తిప్పుకుంటావు. సంక్రాంతికి వచ్చినప్పుడు చేస్తాను. తినొద్దులే, వాసన చూసి పక్కన పెట్టేయ్.

ఆవకాయ జాడీ మీ అమ్మ చేతికిచ్చాను. మూత బిగుతుగా లేదు, పెట్టెలో నిలబెట్టే పెట్టుకో.

పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు